తాళంచెవి అడిగితే తలుపులే పీకేస్తారా?

"ఛందస్సు చెప్పుకొనేవాళ్ళకు ఈ సర్వర్ల గోల ఎందుకు మాస్టారూ? తెలిసిన కుర్రవాడెవరికైనా అప్పగించేస్తే పోలా!" అన్నారు ఒక మిత్రులు. క్రిందటి వారం తిరుత్తణిలో తోటి ఉపాధ్యాయుని ఇంట నలుగురం కూర్చున్నప్పటి మాట ఇది. అలా అప్పగించే కదా అయ్యా మునిగిపోయాం! అక్కడ మర్యాదకు నోరు మూసుకొన్నాను. తిరువళ్ళూరుకు తిరుగు రైలులో ఆ మాటే చెవిలో మోగుతూ ఉంది. ఇప్పటికీ కోపం తగ్గలేదు కనుక ఇది వ్రాస్తున్నాను.

ఈ జిల్లాలో తెలుగు చెప్పే ఉపాధ్యాయులం కొందరం కలిసి చాలా యేళ్ళ క్రిందట ఒక సైటు పెట్టుకొన్నాము. పదవ తరగతి పాత ప్రశ్నపత్రాలు, సంధులు, సమాసాలు, లేఖారచన నమూనాలు అందులో ఉండేవి. వీటన్నిటికంటె విలువైనది ఇంకొకటి ఉండేది. మాకందరికీ గురుతుల్యులైన ఒక వృద్ధ ఉపాధ్యాయులు పాఠ్యభాగాలలోని పద్యాలను రాగయుక్తంగా చదువగా పట్టుకొన్న ధ్వనిముద్రణలు. మా ప్రాంతంలో పిల్లవాడు బడి గడప దాటితే వినబడేది తమిళం, దూరదర్శిని పెట్టెలో వినబడేది తమిళం లేదా సినిమా తెలుగు. పద్యాన్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాడికి చెప్పవలసినది ఆ బడిలోని ఒకే ఒక తెలుగు మాస్టారు. ఆ మాస్టారు విరమించి ఆ స్థానం ఖాళీగా ఉన్నచోట ఆ పాత గొంతే దిక్కు. పళ్ళిపట్టులోను, ఆర్.కె.పేటలోను పిల్లలు తండ్రి చేతిఫోనులో ఆ పద్యాలు పెట్టుకొని వినేవారని మాకు తెలుసు.

2019లో, ఆ పద్యాలు దింపుకోకుండానే పుటలోనే వినబడేటట్లు ఒక ప్లగిన్ చేర్చుదామనుకొన్నాము. సైటు వర్డ్‌ప్రెస్ మీద నడిచేది. మీట నొక్కాము. ప్లగిన్ చేరలేదు సరికదా, ఒక పత్రం తెరచుకొన్నది. మీరు కోరిన పని చేయడానికి మీ సర్వరులోనికి ప్రవేశం కావాలి, మీ ఎఫ్‌టిపి వివరాలు ఇవ్వండి అని దాని సారాంశం. హోస్టు పేరు, వాడుకరి పేరు, సంకేతపదం, సంధానం ఏ రకమో ఎన్నుకొనే గడులు. గుర్తులేకపోతే మీ హోస్టింగు వారిని అడగండి అనికూడ క్రింద వ్రాసి ఉన్నది. ఆ వాక్యాన్ని మేము నలుగురం చదివాము. నలుగురిలో ఒక్కరమూ పాటించలేదు.

మాకు తెలిసిన సంకేతపదం ఒక్కటే, సైటులోనికి వెళ్ళి పాఠాలు వ్రాసేటప్పుడు కొట్టేది. దానినే కొట్టాము. తప్పు అన్నది. మళ్ళీ కొట్టాము. పెద్దక్షరాల మీట నొక్కి ఉన్నదేమోనని చూసి మళ్ళీ కొట్టాము. ఏడెనిమిది సార్లు! చివరకు ఆ సైటు కట్టిపెట్టిన యువకునికి ఫోను చేశాము. అతడు మర్యాదస్థుడు, తెలుగు పిల్లవాడే. "ఏముంది సార్, ఫోల్డరుకు ట్రిపుల్ సెవెన్ పెట్టేస్తే అడగదు" అన్నాడు. పెట్టాడు. అడగలేదు. ప్లగిన్ చేరింది, పద్యం మోగింది, మేము మురిసిపోయాము.

రెండు నెలలు గడవకముందే ఒక పదవ తరగతి విద్యార్థిని తండ్రి నాకు ఫోను చేశారు. "మీ సైటు తెరిస్తే ఏదో మందుల అంగడి వస్తోందండీ, పిల్ల చూసే సైటు కదా" అన్నారు. తెరిచి చూచి సిగ్గుతో తల దించుకొన్నాను. ఆ ప్రకటనలు ఇక్కడ వర్ణింపదగినవి కావు. ఫోల్డర్లలో మేము ఎన్నడూ పెట్టని ఫైళ్ళు పుట్టగొడుగులవలె మొలిచి ఉన్నాయి. హోస్టింగు వారి దగ్గర ఉండిన నకళ్ళు కొద్ది రోజులవే, అవికూడ చెడినవే. ఆ దొంగలు ఏ దారిన వచ్చారో నేను రుజువు చేయలేను. కాని ఏ తలుపు తెరిచిపెట్టి ఉన్నదో నాకు తెలుసు, అది తెరిచినది మేమే.

ఆ యువకుణ్ణి నేను తప్పుపట్టను. అతడు నలుగురూ చెప్పేదే చెప్పాడు. ఈ చిక్కుకు మందు వెదికితే యేళ్ళ తరబడి చాలామంది చెప్పేది ఈ 777 మంత్రమే. నేను తప్పుపట్టేది ఆ మంత్రాన్ని, దానిని విని చేతులు కట్టుకొని కూర్చొన్న మమ్మల్ని. యంత్రం ఒక ప్రశ్న అడిగింది. ప్రశ్న ఏమిటో తెలుసుకోకుండా ప్రశ్న అడిగే నోరు మూయించాము. తరగతిలో పిల్లవాడు ఇలా చేస్తే ఏమంటాం?

ఇంతకూ అది అడిగినదేమిటి? తిరుత్తణివారికి చెప్పడం సులభం. మా పెద్దలు అనుభవించిన వ్యవహారమే ఇది. 1959 నాటి ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చింది. పటాస్కర్ మధ్యవర్తిత్వపు ఫలితం అది. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో చాలాభాగం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, ఇటు పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల నుండి కొన్ని గ్రామాలు అటు వెళ్ళాయి. పొలం కదలలేదు, ఇల్లు కదలలేదు, మనిషి కదలలేదు. కాని కాగితం ఎవరి కచేరీలో ఉన్నది, పట్టా ఎవరి పేర ఉన్నది, ఇంట్లో ఉంటున్నది ఎవరు అనే మూడు ప్రశ్నలకు మూడు వేరువేరు జవాబులు వచ్చే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. తాత పేర పట్టా, మనుమడు కాపురం. మనుమడు గోడ కట్టబోతే "మీరెవరు?" అని అడుగుతారు. అడగడం తప్పా?

సర్వరులో ప్రతి ఫైలుకూ ఒక సొంతదారు ఉంటాడు. అక్కడ నడిచే ప్రతి పనికీకూడ ఒక వాడుకరి పేరు ఉంటుంది. వర్డ్‌ప్రెస్ పిహెచ్‌పి అనే భాషలో నడుస్తుంది కనుక, ఆ పిహెచ్‌పి ఎవరి పేర నడుస్తున్నదో వర్డ్‌ప్రెస్ ఆ పేరనే పని చేయగలదు. ప్లగిన్ చేర్చమని మనం అడిగినప్పుడు అది ముందు ఒక పరీక్ష చేసికొంటుంది. తన కంటెంట్ ఫోల్డరులో ఒక తాత్కాలికమైన ఫైలు సృష్టిస్తుంది. ఆ క్రొత్త ఫైలు ఎవరి పేర పుట్టినదో, తన పాత ఫైళ్ళు ఎవరి పేర ఉన్నవో పోల్చి చూస్తుంది. రెండూ ఒకరి పేరనే ఉంటే మారు మాటాడక పని చేస్తుంది. వేరైతే, "నేను ఇంట్లో ఉంటున్న మాట నిజమే, కాని ఇల్లు నా పేర లేదు, సొంతదారు తాళం ఇప్పించండి" అని అడుగుతుంది. ఆ పత్రం అంతకంటె మరేమీ కాదు. అది దోషసందేశం కానే కాదు, దానిని దోషసందేశంగా చదివిన దోషం మనది.

ఇక ఆ 777 సంగతి. ఛందస్సు చెప్పుకొనేవాళ్ళకు ఎందుకు అన్నారు కదా, ఛందస్సుతోనే చెబుతాను.

ఒక ఫైలు మీద మూడు హక్కులు: చదవడం, వ్రాయడం, నడపడం. హక్కు ఉంటే గురువు, లేకపోతే లఘువు అనుకోండి. మూడు స్థానాలు, ఒక్కొక్కదానిలో గురువో లఘువో. ఎన్ని గణాలు వస్తాయి? ఎనిమిది! మన య మ త ర జ భ న స లు ఎనిమిదే. ఆ యంత్రం వాటికే 0 నుండి 7 దాకా అంకెలు వేసుకొన్నది. మొదటి గురువుకు 4, రెండవదానికి 2, మూడవదానికి 1. మూడూ గురువులైన మగణం 7. మూడూ లఘువులైన నగణం 0. గురువు లఘువు గురువు, అనగా చదువవచ్చు, వ్రాయరాదు, నడపవచ్చు, అది రగణం, విలువ 5. రెండు గురువులు ఒక లఘువు తగణం, విలువ 6. ఒక్క మొదటి గురువు మాత్రమే ఉన్న భగణం 4. ఇటువంటి గణాలు మూడు వరుసగా వ్రాస్తారు, మొదటిది సొంతదారునికి, రెండవది అతని గుంపుకు, మూడవది ఊరందరికీ. ఫోల్డర్లకు సాధారణంగా ఉండవలసినది 755, అనగా మ ర ర. ఫైళ్ళకు 644, త భ భ. సొంతదారు తప్ప మరెవ్వరూ వ్రాయలేరు. మరి 777? మ మ మ! ఆ యంత్రం మీద ఏ పేరున ఏ పని నడుస్తున్నా అది మన ఫోల్డరులో వ్రాయవచ్చును, చెరపవచ్చును. చవుక హోస్టింగులో ఒకే యంత్రం మీద వందల సైట్లు ఉంటాయి. సైట్లను ఒకదానినుండి ఒకటి సరిగా వేరుచేయని చోట, వాటిలో ఒకటి చెడితే చాలు.

(ఏడో తరగతి పిల్లలకు గణాలు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఒకసారి వాడి చూచాను. భగణానికి ఇంతవరకు రాని ఉత్సాహం వచ్చింది. ఉపాధ్యాయ మిత్రులు ప్రయత్నించవచ్చు.)

కాబట్టి తాళం అడిగిన ఇంటికి తలుపులు పీకి పారేయడం పరిష్కారం కాదు. పరిష్కారం పట్టా సరిచేయడం. హోస్టింగు వారి దగ్గర తీసికొన్న ఖాతా అయితే, పిహెచ్‌పి మన ఖాతా పేరనే నడవాలి. నేడు చాలాచోట్ల అలాగే నడుస్తుంది. అలా నడుస్తూ కూడ పత్రం వస్తున్నదంటే, సైటును ఒకచోటినుండి ఇంకొకచోటికి మార్చినప్పుడు ఫైళ్ళు మరెవరి పేరనో పడి ఉంటాయి. ఆ ఫైళ్ళను మా ఖాతా పేరకు మార్చండి అని హోస్టింగు వారికి ఒక్క వాక్యం వ్రాస్తే చాలు. వారికది చిన్న పని. మేము ఆ ఒక్క వాక్యం వ్రాయలేదు, అదే నా బాధ.

సొంతంగా ఒక చిన్న సర్వరు అద్దెకు తీసికొన్నవారి సంగతి వేరు. ఉబుంటు, డెబియన్ల మీద వెబ్ సర్వరు 'డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా' అనే వాడుకరి పేర నడుస్తుంది, సెంటాస్ మీద 'అపాచీ' అనే పేర. ఎక్కించిన మనిషి రూటు పేర ఎక్కించి వదిలేస్తే ప్రతి ప్లగిన్‌కూ పత్రం వస్తుంది. 'చోన్' అనే ఆజ్ఞతో సొంతదారును మార్చవచ్చు. ఇందులోను ఒక మెలిక ఉంది. ఫైళ్ళన్నీ వెబ్ సర్వరు పేరనే పెడితే, సైటులో ఎక్కడ చిల్లు పడినా దొంగ మొత్తం ఇంటిని తిరగ వ్రాయగలడు. సైటుకు ఒక ప్రత్యేకమైన వాడుకరిని ఏర్పరచి, పిహెచ్‌పిని ఆ పేరనే నడపడం మేలైన దారి.

ఇంకొక చిట్కా చాలామంది చెబుతారు, డబ్ల్యుపి-కాన్ఫిగ్ ఫైలులో 'ఎఫ్ఎస్ మెథడ్' విలువను 'డైరెక్ట్' అని వ్రాయమని. 777 అంత ఘోరం కాదు గాని, ఇదికూడ మందు కాదు. అది పరీక్షను మానిపిస్తుందేకాని హక్కును పుట్టించదు. వ్రాసే హక్కు లేనిచోట పత్రం బదులు, ఫోల్డరు సృష్టించలేకపోయాము అనే నిజమైన దోషసందేశం వస్తుంది. హక్కు పొరపాటున ఉన్నచోట సగం ఫైళ్ళు ఒకరి పేర, సగం ఇంకొకరి పేర తయారవుతాయి. సొంతదారు ఎవరో చూచుకొని, అంతా సరిగా ఉండికూడ పరీక్ష తప్పుతున్నదని తెలిసిన తరువాత వాడుకొంటే వాడుకోవచ్చు.

సరే, ఇవేవీ చేతకావు, తాళమే ఇచ్చేద్దాం అనుకొందాం. అదికూడ మేము సరిగా ఇవ్వలేదు! ఒక సైటుకు కనీసం నాలుగు తాళాలు ఉంటాయని మాకు తెలియదు. సైటు పేరును నమోదు చేసినచోట ఒకటి. హోస్టింగు ఖాతాకు, దాని ఎఫ్‌టిపికి ఒకటి, చాలాచోట్ల ఇవి రెండు. పాఠాలు నిలువ ఉండే డేటాబేసుకు ఒకటి. వర్డ్‌ప్రెస్‌లోనికి వెళ్ళేది మరొకటి. పత్రం అడిగేది ఎఫ్‌టిపిది, మనం ఇచ్చేది వర్డ్‌ప్రెస్‌ది. బీరువా తాళం పెట్టి వీధి తలుపు తెరవబోయినట్లు. వాడుకరి పేరుకూడ చాలా హోస్టింగులలో ఉత్త పేరు కాదు, పేరు తరువాత ఎట్ గుర్తు, ఆపైన సైటు పేరు, అంతా కలిపి కొట్టాలి. హోస్టు గడిలో చాలాసార్లు 'లోకల్‌హోస్ట్' అని వ్రాస్తే సరిపోతుంది, ఎందుకంటే ఆ సంధానం మన ఇంటి కంప్యూటరు నుండి వెళ్ళేది కాదు, సర్వరు తన తలుపు తానే తట్టుకొనేది. లోపలికి వెళ్ళి కూడ, వర్డ్‌ప్రెస్ ఉన్న చోటు కనబడలేదు అన్నదనుకోండి, సంకేతపదం సరియైనదే, ఆ ఎఫ్‌టిపి ఖాతా వేరొక ఫోల్డరులోనికి తెరచుకొంటున్నదని అర్థం.

మరికొన్ని చోట్ల అసలు ఎఫ్‌టిపి తలుపే మూసివేసి ఉంటుంది. అలా మూయడం న్యాయమే. ఎఫ్‌టిపి నియమావళిని తొలిసారి వ్రాసినవాడు మన దేశంవాడే, కాన్పూరు ఐఐటిలో చదివి మసాచుసెట్స్‌కు వెళ్ళిన అభయ్ భూషణ్. 1971 ఏప్రిల్ నాటి మాట. ఆనాడు ఆ వలలో ఉన్న యంత్రాలను వ్రేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అందరూ ఒకరినొకరు ఎరిగినవారే. అందుచేత సంకేతపదం దారి పొడవునా పచ్చిగా, ముసుగు లేకుండా ప్రయాణం చేస్తుంది. 1985లో నియమావళిని తిరిగి వ్రాసినప్పుడుకూడ ఆ స్వభావం మారలేదు. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ తమ విహరిణులలో ఎఫ్‌టిపిని తొలగించివేశాయి. కనుక హోస్టింగువారు ఎస్‌ఎఫ్‌టిపి అనే మరొక దారి చూపితే అదే పట్టుకోవాలి. ఆ దారికి తలుపు సంఖ్య 22, పాతదానికి 21. పాత తలుపు మూసి ఉన్నచోట సంకేతపదం వందసార్లు మార్చి కొట్టినా లాభం లేదు.

తలుపు మూసి ఉన్నదా, తాళం తప్పా అని తెలుసుకొనేది ఎలా? ఇక్కడ మన తెలుగువాళ్ళ సాకు ఒకటి ఉంది, "ఆంగ్లంలో ఏదో వస్తుంది సార్, అర్థం కాదు" అని. ఈ సాకును నేను ఒప్పుకోను. ఎఫ్‌టిపి సర్వరు ఇచ్చే జవాబులో ముందు వచ్చేది మూడంకెల సంఖ్య. అసలు జవాబు అదే. ప్రక్కన ఉన్న ఆంగ్లం సర్వరు సర్వరుకూ మారవచ్చు, సంఖ్య అర్థం మారదు. మొదటి అంకె 2 అయితే పని జరిగింది. 3 అయితే ఇంకా ఏదో కావాలి. 4 అయితే ఇప్పటికి కుదరదు, మళ్ళీ ప్రయత్నించు. 5 అయితే ఇలా అడిగితే కుదరదు. 331 అంటే పేరు విన్నాను, సంకేతపదం చెప్పు. 230 అంటే లోపలికి రా. 530 అంటే లోపలికి రానివ్వను. 550 అంటే లోపల ఉన్నావు గాని ఆ ఫైలు నీకు అందదు. ఏ సంఖ్యా రాకుండా ఊరకే నిలిచిపోతే జవాబు చెప్పేవాడే లేడు, అనగా తలుపు మూసి ఉంది, లేదా చిరునామా తప్పు. ఎక్కాలు వల్లెవేయించిన చేతులకు ఇది కష్టమా? మేము ఏడెనిమిది సార్లు సంకేతపదం కొట్టామే గాని, ఒక్కసారి ఆ సంఖ్య చూచి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఆంగ్లం మీద ఫిర్యాదు చేసేవారికి మరొక మాట. వర్డ్‌ప్రెస్ తెలుగు అనువాదం స్వచ్ఛందంగా ఎవరైనా పాలుపంచుకొనదగిన పని. వాక్యాలు అక్కడ వరుసగా ఉంటాయి, మనకు తోచిన తెలుగు వాక్యాన్ని సూచించవచ్చు. ప్రక్కన తమిళులను చూడండి. 1999లో చెన్నపట్నంలో తమిళ కంప్యూటింగు మీద సదస్సు పెట్టి, మీటల పలక ఎలా ఉండాలో తేల్చుకొని, దానికి తమిళ్99 అని పేరు పెట్టుకొన్నారు. ఆ రాష్ట్రంలోనే ఉంటూ వారి పూనికను చూచి మనం నేర్చుకొన్నదేమిటి? నా సంగతే చెబుతున్నాను, యేళ్ళ తరబడి లేఖినిలో తెలుగు టైపు చేసి అదే మహాకార్యం అనుకొన్నాను.

"ఇంత తంటా ఎందుకు, ఉచితంగా దొరికే సేవలలో పెట్టుకొంటే ప్లగిన్ల బాధే ఉండదు" అని వాదించేవారు ఉన్నారు. వారి వాదంలో పస ఉంది. తాళాలు భద్రపరచే ఓపిక ఎవ్వరికీ లేని బడి తన సైటు తాను నడుపకపోవడమే మేలు, ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. ప్లగిన్ మీద ఉన్న మోజుకూడ తగ్గించుకోవలసినదే. మాకు కావలసిన పద్యం వినిపించే సదుపాయం వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్నదని తరువాత తెలిసి మా తలలు మేమే మొట్టుకొన్నాము! ప్లగిన్ తప్పదనుకొన్నా, జిప్పు ఫైలును దింపుకొని, హోస్టింగు వారి ఫైల్ మేనేజరులో ప్లగిన్ల ఫోల్డరులోనికి ఎక్కించి విప్పితే ఏ పత్రమూ అడ్డు రాదు. కాని "నాకు తెలియదు, వాడు చూచుకొంటాడు" అనే సైటు మాత్రం ఉచితమైనా, ఖరీదైనా ఎవరిదో ఒకరిదే, మనది కాదు.

దీనికి రుజువు కూడ మా అనుభవమే. సైటును శుద్ధి చేయబూనినప్పుడు బయటపడింది, హోస్టింగు ఖాతా, సైటు పేరు రెండూ ఆ యువకుని ఈమెయిలు మీద ఉన్నాయి. అతడు ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళిపోయాడు, ఆ ఈమెయిలు వాడడం మానేశాడు. మా చందాలతో కట్టిన సైటుకు మేము పేరులేని అద్దెదారులం. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు తిరుత్తణి. ప్రతి సెప్టెంబరు 5న అక్కడా ఇక్కడా వేదికలెక్కి ఉపాధ్యాయుని స్థానం ఎంత గొప్పదో గంటసేపు చెబుతాం. దిగి వచ్చి మన ఇంటి తాళం ఎవరి జేబులో ఉన్నదో చెప్పమంటే నీళ్ళు నములుతాం.

అతనిని పట్టుకొని, పేర్లు మార్పించుకొనడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు హాజరుపట్టీ వంటి ఒక పుస్తకం పెట్టాము. ఏ తాళం ఎవరి పేర ఉన్నది, ఎప్పటికి గడువు, చివరిగా ఎప్పుడు మార్చినది. సంకేతపదాలు మాత్రం అందులో వ్రాయము, అవి సీలు వేసిన కవరులో ఇద్దరి దగ్గర ఉంటాయి. బయటివారి సాయం కావలసివస్తే వారికొక ప్రత్యేకమైన ఎఫ్‌టిపి ఖాతా ఏర్పరచి, ఒక్క ఫోల్డరు వరకే తెరిచి, పని అయిన సాయంత్రమే తొలగిస్తాము. నెలకొకసారి మొత్తం సైటు నకలు ఒకటి ఇంటి కంప్యూటరులోనికి దింపుతాము. మొదటి నకలు దింపిన రోజున మా నలుగురిలో ఛందస్సు మాట అన్న మిత్రులే పుస్తకంలో సంతకం చేశారు, ఆ సంగతి వారికి మళ్ళీ గుర్తు చేయాలి.

ప్రశ్నపత్రాలు చాలావరకు మళ్ళీ సేకరించాము. వ్యాకరణ పాఠాలు మావే కనుక తిరిగి వ్రాసుకొన్నాము. పద్యాలలో మాత్రం పదకొండు దొరకలేదు. చదివినవారు ఇప్పుడు లేరు. 2019కు ముందు ఆ సైటునుండి పద్యాలు దింపుకొన్న పూర్వవిద్యార్థులు గాని, వారి తల్లిదండ్రులు గాని తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి ప్రాంతాలలో ఉంటే, పాత ఫోనులోనో, మెమరీ కార్డులోనో, సీడీలోనో ఒక్కసారి వెదకి చూడవలసిందిగా ప్రార్థన. ఫైలు పేరు మారి ఉండవచ్చు. మొదట ఒక దగ్గు, ఆపైన "ఊఁ, వినండి" అనే మాట వినబడితే అది ఆయన గొంతే. దయచేసి దగ్గరలోని తెలుగు మాస్టారుకు అందజేయండి.